గన్నవరం నుంచి విశాఖకు 290 కిలోమీటర్లు: ఎన్ని గంటల ప్రయాణం?

సంపాదకుల వారికి,

నమస్కారం.

మన రాష్ట్రంలో ఒక విమానాశ్రయం నుంచి మరో విమానాశ్రయానికి కొత్త సర్వీసు మొదలైందని వార్త వచ్చినప్పుడల్లా, ఏ పత్రిక తీసినా దాని పక్కన ఒక చిన్న పెట్టెలో రెండు అంకెలు కనిపిస్తాయి. దూరం ఇన్ని కిలోమీటర్లు, ప్రయాణం ఇన్ని నిమిషాలు. ఆ అంకెలు తప్పని నేను అనను. కానీ వాటిని నమ్ముకుని టికెట్ కొనుక్కునే మామూలు ప్రయాణికుడికి అవి చెప్పేది చాలా తక్కువ. రైల్వేలో సెక్షన్ కంట్రోలర్‌గా ముప్పై ఏళ్లకు పైగా బండ్ల దూరాలతో, నిమిషాలతో బతికినవాణ్ణి కాబట్టి, ఈ విషయం మీద కాస్త విపులంగా రాయడానికి మీ పత్రికలో చోటు ఇవ్వమని కోరుతున్నాను.

నాకు బాగా తెలిసిన దారినే తీసుకుంటాను. గన్నవరం విమానాశ్రయం నుంచి విశాఖపట్నం విమానాశ్రయానికి గాలిలో తిన్నగా కొలిస్తే సుమారు 290 కిలోమీటర్లు. దీన్నే కొన్నిచోట్ల 180 మైళ్లని రాస్తారు, విమానం నడిపేవాళ్లు 157 నాటికల్ మైళ్లంటారు. ఒక నాటికల్ మైలు 1.852 కిలోమీటర్లు కనుక మూడూ ఒకే దూరం. ఆ 157ని మామూలు మైళ్లనుకుని కిలోమీటర్లలోకి మార్చితే మాత్రం 250 దగ్గర తేలుతుంది. విజయవాడ స్టేషన్ నుంచి విశాఖపట్నం స్టేషన్‌కు రైలు దూరం 350 కిలోమీటర్లు. ఈ 350 చూసి, విమానంలో వెళితే అరవై కిలోమీటర్లు కలిసివస్తాయని అనుకునేవారున్నారు. పటం మీద గన్నవరం నుంచి విశాఖకు గీత గీస్తే అది ఏలూరు పక్కగా, దాదాపు రాజమహేంద్రవరం మీదుగా, తుని పక్కగా పోతుంది. రైలు మార్గం కూడా ఇంచుమించు ఆ గీతనే పట్టుకుని, సామర్లకోట దగ్గర మాత్రం బాగా దక్షిణానికి ఒరిగి మళ్లీ తునికి చేరుతుంది. మిగిలిన తేడాలో పెద్ద భాగం విజయవాడ ఊరికీ గన్నవరానికీ మధ్య ఉన్న ఇరవై కిలోమీటర్లే. ఆ ఇరవైని విమాన ప్రయాణికుడు కూడా తప్పించుకోలేడు, కారులోనో ఆటోలోనో వెళ్లి తీరాలి.

అంటే విమానాశ్రయాల మధ్య దూరం వేరు, ఊళ్ల మధ్య దూరం వేరు. విశాఖ విషయంలో ఈ తేడా ఇంకా పెరగబోతోంది. ఇప్పటి విమానాశ్రయం ఊరిని ఆనుకునే ఉంది, ఎన్ఏడీ కూడలి దాటగానే చేరుకోవచ్చు. రాకపోకలు భోగాపురంలోని కొత్త విమానాశ్రయానికి మారాక గన్నవరం నుంచి తిన్నని దూరం 290 నుంచి సుమారు 330 కిలోమీటర్లకు పెరుగుతుంది. గాలిలో అది నాలుగైదు నిమిషాల మాటే. అక్కడ దిగిన ప్రయాణికుడు మాత్రం విశాఖ ఊళ్లోకి రావడానికి దాదాపు 45 కిలోమీటర్లు రోడ్డు మీద వెనక్కి రావాలి. విజయనగరం, శ్రీకాకుళం జిల్లాలవారికి భోగాపురం గొప్ప మేలు చేస్తుంది, దాన్ని నేను మనస్ఫూర్తిగా ఆహ్వానిస్తున్నాను. గాజువాకకు వెళ్లవలసినవాడి లెక్క వేరుగా ఉంటుందని చెప్పడమే నా ఉద్దేశం.

ఇక సమయం సంగతి. 290 కిలోమీటర్లను జెట్ విమానం వేగం గంటకు 830 కిలోమీటర్లతో భాగిస్తే 21 నిమిషాలు వస్తుంది. కొందరు దానికి అరగంట కలిపి 51 నిమిషాలని వేస్తారు. విమానయాన సంస్థల టైమ్‌టేబుళ్లు ఇంత దూరానికి సాధారణంగా గంట, గంటా పది నిమిషాలు చూపిస్తాయి. ఈ మూడింటిలో దేన్ని నమ్మాలని నన్ను చాలామంది అడిగారు. టైమ్‌టేబుల్‌నే నమ్మాలి. ఎందుకో చెప్పాలంటే విమానం ఆ దూరాన్ని ఎలా దాటుతుందో కొంచెం వివరించాలి.

విమానం దిగడానికి ఒక పాత లెక్క ఉంది. ప్రతి వెయ్యి అడుగుల ఎత్తుకు మూడు నాటికల్ మైళ్ల దూరం కావాలి. ముప్పై వేల అడుగుల నుంచి దిగాలంటే తొంభై నాటికల్ మైళ్లు, అంటే 165 కిలోమీటర్లకు పైన. ఎక్కడానికి కూడా ఇంచుమించు అంత దూరం పడుతుంది. గన్నవరం, విశాఖల మధ్య ఉన్నదే 157 నాటికల్ మైళ్లు కనుక, ఢిల్లీకి వెళ్లే విమానం ఎక్కినంత ఎత్తుకు ఈ విమానం ఎక్కే అవకాశమే లేదు. ఇరవై వేల అడుగుల ప్రాంతంలో ఆగినా దిగడానికి అరవై నాటికల్ మైళ్లు ముందే మొదలుపెట్టాలి. మధ్యలో తిన్నగా, పూర్తి వేగంతో సాగే భాగం దారిలో మూడో వంతు కూడా ఉండదు. పైగా పది వేల అడుగులకు దిగువన 250 నాట్ల వేగానికి మించకూడదన్న నియమం ఉంది. అది గంటకు సుమారు 463 కిలోమీటర్లు. ఆ ఎత్తులో జెట్ విమానమైనా, రెక్కల మీద పంకాలుండే ఏటీఆర్ విమానమైనా ఇంచుమించు ఒకే వేగంతో పోతాయి. అందుకే గంటకు 500 కిలోమీటర్లు నడిచే ఏటీఆర్‌కూ 830 నడిచే జెట్‌కూ ఇంత చిన్న దారిలో తేడా పది నిమిషాలు దాటడం కష్టం.

ఇక రన్‌వేలు. గన్నవరంలో రన్‌వే దాదాపు తూర్పు పడమరలుగా ఉంది. గాలి వాటాన్ని బట్టి పడమటి వైపు లేచిందంటే విమానం గుండ్రంగా తిరిగి విశాఖ దారి పట్టాలి. విశాఖలోనూ రన్‌వే ఇంచుమించు అలాగే ఉంది. పడమటి ముఖంగా దిగవలసి వస్తే ఊరు దాటి సముద్రం మీదికి వెళ్లి వెనక్కి తిరిగి రావాలి. విశాఖ రన్‌వే నౌకాదళానికి చెందిన ఐఎన్ఎస్ డేగా స్థావరంలోది కాబట్టి అక్కడి ఆకాశం మీద మొదటి హక్కు నౌకాదళానిదే. అది దేశానికి అవసరమైన ఏర్పాటు, అందులో ఆక్షేపించవలసింది ఏమీ లేదు. ఆ నిమిషాలు కూడా ప్రయాణంలో భాగమేనని పెట్టెలో రాసిన అంకె చెప్పదు. డిసెంబరు, జనవరి నెలల్లో గన్నవరం మీద కమ్ముకునే పొగమంచు గురించి ఆ చుట్టుపక్కల ఊళ్లవారికి నేను చెప్పనక్కరలేదు.

టైమ్‌టేబుల్‌లో వేసే సమయం గాలిలో ఉండే సమయం కాదు. తలుపు మూసి విమానం కదిలిన క్షణం నుంచి, అవతలి ఊళ్లో ఆగి చక్రాలకు అడ్డు దిమ్మలు పెట్టేదాకా లెక్క. అందులో ఆలస్యాలకు కొంత వెసులుబాటు కూడా కలిపి ఉంచుతారు. మా రైల్వేలో దీన్ని రికవరీ టైమ్ అంటాం. దువ్వాడ నుంచి విశాఖపట్నానికి 17 కిలోమీటర్లే అయినా టైమ్‌టేబుల్‌లో అంత సమయం ఎందుకు ఇస్తారని ప్రయాణికులు విసుక్కుంటూ ఉంటారు. దారిలో పోయిన నిమిషాలను చివరికి సర్దుకోవడానికే అది. విమానం పది నిమిషాలు ముందే దిగిందని ప్రకటించినప్పుడు జరిగేది కూడా ఇదే. ఈ వెసులుబాటును నేను మోసం అనను, అది లేకపోతే ఏ బండీ వేళకు చేరదు. రైలు వేళకు వచ్చిందో లేదో తెలుసుకోవడానికి ప్రజలకు దారులున్నాయి. విమానాల విషయంలో పౌర విమానయాన డైరెక్టరేట్ నెలనెలా ప్రకటించే సమయపాలన లెక్కలు మహానగరాల విమానాశ్రయాలకే పరిమితం. గన్నవరం, విశాఖ, రాజమహేంద్రవరం, తిరుపతి, కడప, కర్నూలు దగ్గరి ఓర్వకల్లుల నుంచి నెలలో ఎన్ని విమానాలు వేళకు బయలుదేరాయో, ఎన్ని రద్దయ్యాయో ఆ నివేదికలో కనిపించదు. చిన్న ఊళ్లవారి నిమిషాలకు విలువ తక్కువన్నట్టు ఉండే ఈ పద్ధతి మారాలి.

నాకు ఎదురైన ఒక అనుభవం చెప్పాలి. విశాఖలో ఉండే మా అక్కయ్యకు ఒంట్లో బాగోలేక ఆసుపత్రిలో చేర్చారని రాత్రి ఫోన్ వచ్చింది. తెల్లవారి రైలుకు బయలుదేరబోతుంటే మా అబ్బాయి, విమానంలో అయితే గంటలో దిగిపోవచ్చు నాన్నా అని చెప్పి టికెట్ తీసుకున్నాడు. గన్నవరం చేరుకున్నాక ఆ రోజు నేరుగా వెళ్లే విమానం రద్దయిందని, హైదరాబాద్ మీదుగా పంపిస్తామని చెప్పారు. శంషాబాద్‌లో నాలుగు గంటలు కూర్చోబెట్టారు. విశాఖలో దిగేసరికి సాయంత్రం నాలుగు దాటింది. ముందు అనుకున్న రైలే ఎక్కి ఉంటే మధ్యాహ్నం భోజనాల వేళకు ముందే అక్కయ్య పక్కన ఉండేవాణ్ణి. దేవుడి దయవల్ల ఆవిడ కోలుకుంది. ఆ సంస్థ పేరు రాయడం నా ఉద్దేశం కాదు, ఏ సంస్థ అయినా ఆ రోజు అదే చేసి ఉండేదేమో. ఇంటికి వచ్చాక కాగితం మీద లెక్క వేసుకున్నాను. గన్నవరం నుంచి శంషాబాద్‌కు సుమారు 264 కిలోమీటర్లు, శంషాబాద్ నుంచి విశాఖకు సుమారు 512. అంటే 290 కిలోమీటర్ల దూరంలో ఉన్న ఊరికి చేరడానికి నేను ఆకాశంలో 776 కిలోమీటర్లు తిరిగాను. నేరుగా వెళ్లే సర్వీసులు ఈ దారిలో కొన్నాళ్లు నడుస్తాయి, ఆగిపోతాయి, మళ్లీ మొదలవుతాయి. ఆగిపోయిన రోజుల్లో విమానంలో వెళ్లాలనుకున్నవారందరి లెక్కా ఇదే అవుతుంది.

అన్నీ సవ్యంగా జరిగిన రోజున కూడా ఇంటి గడప నుంచి గడపకు ఎంతసేపో చూద్దాం. సత్యనారాయణపురంలోని మా ఇంటి నుంచి గన్నవరానికి ముప్పావు గంట. బయలుదేరే వేళకు గంట ముందే కౌంటర్ మూసేస్తారు కాబట్టి గంటన్నర ముందు చేరుకోవాలి. ప్రయాణం గంటా ఐదు నిమిషాలు. సామాను తీసుకోవడానికి ఇరవై నిమిషాలు, విశాఖ ఊళ్లో మద్దిలపాలెం చేరడానికి ఇంకో నలభై. మొత్తం నాలుగు గంటల ఇరవై నిమిషాలు. 2023 సంక్రాంతి నాడు, జనవరి 15న మొదలైన వందేభారత్ విజయవాడ నుంచి విశాఖకు నాలుగు గంటలకు కాస్త అటూ ఇటూగా చేరుస్తోంది, 2024 మార్చిలో రెండోది కూడా వచ్చింది. స్టేషన్‌కు రాకపోకలు కలుపుకున్నా ఐదు గంటల్లో గడపకు చేరతాం. నేను రైలువాణ్ణి కాబట్టి రైలు వైపు మొగ్గు చూపుతున్నానని పాఠకులు అనుకోవచ్చు. అందుకే నిమిషాలతో సహా రాశాను, ఎవరి ఇంటి నుంచి వారు లెక్క వేసుకుని చూడవచ్చు. ఈ దారిలో విమానం మిగిల్చేది అరగంట, ముప్పావు గంట. ఉదయం వెళ్లి పని చూసుకుని సాయంత్రం తిరిగి రావడానికి వీలుగా రెండు పూటలా నడిపితే ఆ అరగంటకు విలువ ఉంటుంది. ఒక్క పూట నడిపితే ఉండదు.

ఇప్పుడు అసలు చెప్పదలచుకున్న మాటకు వస్తాను. ఓర్వకల్లు విమానాశ్రయం నుంచి గన్నవరానికి తిన్నని దూరం సుమారు 296 కిలోమీటర్లు. గన్నవరం నుంచి విశాఖకు ఉన్నదాని కంటే ఆరు కిలోమీటర్లు మాత్రమే ఎక్కువ. రెండు దారుల్లోనూ విమానం గంటకు కాస్త అటూ ఇటూగా చేరుస్తుంది. పెట్టెలో వేసే రెండు అంకెలూ రెండు దారులకూ ఒకటే. నేల మీద చూడండి. కర్నూలు నుంచి విజయవాడకు రైల్లో రావాలంటే ముందు యాభై కిలోమీటర్ల పైచిలుకు దక్షిణాన డోన్‌కు దిగాలి. అక్కడి నుంచి తూర్పుకు తిరిగి నంద్యాల, గాజులపల్లి, నల్లమల ఘాట్ మీదుగా దిగువమెట్ట, గిద్దలూరు, మార్కాపురం, వినుకొండ, నరసరావుపేట, గుంటూరు దాటి రావాలి. 400 కిలోమీటర్లు దాటే ఆ మార్గంలో చాలా భాగం ఏళ్ల తరబడి ఒకే లైను మీద నడిచింది. ఎదురు బండికి దారి ఇవ్వడానికి లూప్ లైన్లో అరగంట ఆగడం ఆ సెక్షన్‌లో పనిచేసిన ప్రతివాడికీ తెలిసినదే. రోడ్డు మీద వచ్చినా ఆరేడు గంటలు పడుతుంది. వెలగపూడి సచివాలయంలో పని ఉన్నవారికి, నేలపాడులోని హైకోర్టులో వాయిదా ఉన్నవారికి ఒక రాత్రి రావడానికి, ఒక రాత్రి పోవడానికి సరిపోతుంది. అదే విమానమైతే గడప నుంచి గడపకు నాలుగుంపావు గంటలు. పోను రాను కలిపితే రెండు రాత్రుల నిద్ర మిగులుతుంది.

దూరం ఒకటే, విమానం పట్టే సమయమూ ఒకటే. ఒకచోట మిగిలేది అరగంట, మరోచోట రెండు రాత్రులు. అయినా ఓర్వకల్లు నుంచి గన్నవరానికి సర్వీసు 2025లో మొదలైనప్పుడు వారానికి మూడు రోజులే వేశారు. హైకోర్టు వాయిదా మంగళవారం పడితే సోమవారం వచ్చి రాత్రి లాడ్జిలో ఉండి, పని చూసుకుని, బుధవారం విమానం దాకా ఆగాలి. లేకపోతే మళ్లీ రాత్రి బస్సే గతి.

ప్రాంతీయ విమానాలకు సాయం చేసే ఉడాన్ పథకం 2016 అక్టోబరులో ప్రకటించారు. అప్పుడు పౌర విమానయాన మంత్రి విజయనగరానికి చెందిన అశోక్ గజపతిరాజు గారు. 2017 ఏప్రిల్ 27న దాని కింద ప్రారంభించిన మొదటి విమానాల్లో కడప నుంచి హైదరాబాద్‌కు వెళ్లేది ఒకటన్నది మనం గర్వంగా చెప్పుకోవలసిన విషయం. ఆ పథకంలో సుమారు 500 కిలోమీటర్ల, గంట ప్రయాణానికి 2,500 రూపాయల పరిమితి పెట్టారు. విమానాలకు టికెట్ పరిమితిని దూరాన్ని బట్టి నిర్ణయిస్తారు, నష్టానికి ఇచ్చే సాయం మూడేళ్లపాటు ఉంటుంది. కొలత అంతా తిన్నని దూరం మీదే. ఆ కొలతతో ఓర్వకల్లు దారీ విశాఖ దారీ కవలపిల్లల్లా కనిపిస్తాయి. నేల మీద పట్టే గంటల్లోంచి ఆకాశంలో పట్టే గంటలు తీసివేయగా మిగిలేది ఎంతో చూసి, ఆ మిగులు ఎక్కువ ఉన్న దారికి ప్రజల సొమ్ము ముందు చేరాలని నా అభిప్రాయం. మంచి రైలు నడుస్తున్న దారిలో విమానయాన సంస్థలు తమ లాభనష్టాలు తాము చూసుకోగలవు. రైలు చేయలేని పనికే ప్రభుత్వ సాయం అందాలి.

ఈ కొలతతో చూస్తే విశాఖ నుంచి తిరుపతికి, ఓర్వకల్లుకు, కడపకు ఉన్న దారులు కూడా ముందుకు వస్తాయి. విశాఖ నుంచి తిరుపతి తిన్నగా సుమారు 600 కిలోమీటర్లు, ఓర్వకల్లు 580కి కాస్త పైన, కడప 595 దగ్గర. ఉత్తరాంధ్ర నుంచి వెంకన్న దర్శనానికి వెళ్లే ముసలివారు ఒక రాత్రంతా బెర్తు మీద గడుపుతున్నారు. ఇంత దూరానికి విమానం ఎత్తుకు ఎక్కి పూర్తి వేగంతో సాగగలదు కూడా, అంటే యంత్రం తన పనికి తగిన దారిలో నడుస్తుంది. ఓర్వకల్లులో రన్‌వే పొడవు 2,000 మీటర్లే కనుక అక్కడికి ఏటీఆర్ లాంటి విమానాలే అనువైనవి. గంట ప్రయాణం గంటన్నర అవుతుంది, దానికి ఎవరూ బాధపడరు. రోజూ నడుస్తుందన్న భరోసా కావాలి.

పౌర విమానయాన శాఖ ఇప్పుడు శ్రీకాకుళానికి చెందిన రామ్మోహన్ నాయుడు గారి చేతిలో ఉంది. రాష్ట్రంలోని ఆరు విమానాశ్రయాల మధ్య నడిచే విమానాల రాకపోకల వేళలు, రద్దుల లెక్క నెలనెలా బయట పెట్టించమని, ఏ దారిలోనైనా సర్వీసు ఆపదలచుకున్న సంస్థ కనీసం రెండు నెలల ముందు పత్రికాముఖంగా తెలియజేసేలా చూడమని మీ పత్రిక ద్వారా ఆయనను కోరుతున్నాను. పండగలకు, పెళ్లిళ్లకు, ఆపరేషన్లకు ప్రజలు అంత ముందే టికెట్లు కొనుక్కుంటారు.

మీకు కూడా ఒక విన్నపం. ఇకపై ప్రాంతీయ విమానం వార్త వేసేటప్పుడు ఆ పెట్టెలో ఎన్ని గంటలకు బయలుదేరి ఎన్ని గంటలకు చేరుతుందో, వారంలో ఏయే రోజుల్లో నడుస్తుందో, తిరుగు విమానం అదే రోజు ఉందో లేదో, రెండు ఊళ్ల నుంచి విమానాశ్రయాలకు రోడ్డు దూరం ఎంతో వేయండి. అదే దారిలో నడిచే మంచి రైలు ఎంతసేపట్లో చేరుస్తుందో పక్కనే వేయండి. పెట్టె రెండు అంగుళాలు పెరుగుతుంది. అది చదివి బయలుదేరే మనిషి ఏది ఎక్కాలో ముందు రోజు రాత్రే తేల్చుకోగలుగుతాడు.

ఇట్లు
భవదీయుడు,
ఒక విశ్రాంత రైల్వే ఉద్యోగి,
సత్యనారాయణపురం, విజయవాడ